కెమెరాకెక్కని గుండు విసురు

జనగామలో పోలియో పిల్లల హాస్టల్‌కు ఆటల టీచరు కావాలని మళ్లీ ప్రకటన వేశారని తెలిసింది. అది నేను వదిలేసి వచ్చిన ఉద్యోగం. ముప్పై ఏళ్లకే రిటైరయిన దాన్ని నేను. పింఛను లేదు, వీడ్కోలు సభ లేదు, శాలువా అసలే లేదు. మా ఆయనకు భూపాలపల్లి బదిలీ అయింది, నాకు బిడ్డ పుట్టింది, ఉద్యోగం అక్కడితో ముగిసింది. ఆ చోటుకు ఎవరో ఒక అమ్మాయి వ్యాయామ శిక్షణ పూర్తి చేసుకుని, మెడలో ఈల వేసుకుని వస్తుంది. కార్యదర్శి గారు ఆమెతో ఏం మాట్లాడతారో నాకు తెలుసు. సేవ అంటారు, పుణ్యం అంటారు, దేవుడి పిల్లలు అంటారు. ఆయన చెప్పని సంగతులు ఆ అమ్మాయి కోసం నేను రాస్తున్నాను.

పాప పడుకున్నాకే నాకు కలం పట్టే తీరిక. అదీ పూర్తి తీరిక కాదు. మధ్యలో లేచి దాని నుదురు ముట్టుకుని చూస్తాను. వెచ్చగా ఉన్నట్టు తోస్తే మోకాళ్లు వంచి, చాపి చూస్తాను. చుక్కల మందు వేయించాను, అయినా చూస్తాను. ఒక్క జ్వరంతో కాళ్లు పడిపోయిన పిల్లల మధ్య ఏడేళ్లు పనిచేసినదానికి జ్వరం అంటే వేరే అర్థం ఉంటుంది.

"పండుకున్న పిల్ల కాళ్లు ఎందుకు గుంజుతవ్ బిడ్డా? నిద్ర చెడుతది" అంటుంది మా అత్తమ్మ.

"ఒళ్లు కాలినట్టున్నది అత్తమ్మా."

"జరం లేదు గిరం లేదు. నీ కొలువు పోయింది గని నీ పరేషాన్ పోలే."

నిజమే. ఆ పరేషాన్ కూడా ఉద్యోగంలో భాగమే. దాని గురించి ప్రకటనలో రాయరు.

నాకు ఆట ఎలా వచ్చింది

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు నేను జనగామలో బడిపిల్లను. ఆ ఏడాది బడి తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. మా అన్నలు ఊరేగింపులకు పోయేవాళ్లు. నన్ను పోనివ్వలేదు కాబట్టి వాళ్ల బాల్ బ్యాడ్మింటన్ బ్యాటు నాకు మిగిలింది. గోడకు బంతి కొట్టీ కొట్టీ ఆ ఏడాది గడిపాను. చదువు చెడిందని ఇంట్లో అందరూ బాధపడ్డారు. నాకు మాత్రం ఆట వచ్చింది. డిగ్రీ అయ్యాక వ్యాయామ శిక్షణ చేసి, ఖాళీగా కనపడిన ఉద్యోగంలో చేరాను. సేవ చేయాలని చేరలేదు. కొత్తగా చేరే అమ్మాయి కూడా సేవ చేయాలని చేరకపోతేనే మంచిది. సేవకు వచ్చినవాళ్లు మా దగ్గర ఒక నెలకన్నా ఎక్కువ నిలవలేదు.

అసలు పని

మొదటి రోజు నేను ఈల ఊదాను. ఎవరూ వరుసలో నిలబడలేదు, ఎందుకంటే నిలబడటమే వాళ్లకు పెద్ద పని. ఈల తీసి సంచిలో పెట్టాను.

ఈ ఉద్యోగంలో మొదట నేర్పాల్సింది పడటం. చంక కర్రలతో నడిచే పిల్ల ఏదో ఒకనాడు పడుతుంది. కర్రలు దూరంగా వదిలేసి, పక్కకు ఒరిగి, భుజం మీద పడితే దెబ్బ తగలదు. కర్రలు పట్టుకునే పడితే మూతి పగులుతుంది. పాత చాపలు పరిచి, వారాల తరబడి పడటమే ఆడించాను. ఆ తర్వాతి పని కాళ్లకు కట్టే ఇనుప పట్టీలది. తోలు ఎక్కడ ఒరుసుకుంటోందో చూడాలి, పుండు పడకముందే దూది పెట్టాలి. నొప్పి అని పిల్లలు చెప్పరు. చెబితే ఆట మాన్పిస్తారని వాళ్ల భయం. ఇవన్నీ అయ్యాకే ఆట.

ఆటలో నాకంటే ముందున్న పిల్ల కొమురమ్మ. రేగొండ పిల్ల, అప్పుడు ఎనిమిదో తరగతి. రెండు కాళ్లూ పుల్లల్లా సన్నగా ఉండేవి. చిన్నప్పటి నుంచి చేతుల మీదే ఇల్లంతా, వాకిలంతా తిరిగిన పిల్ల కాబట్టి భుజాలు మాత్రం కమ్మరివాడి భుజాల్లా ఉండేవి. హైస్కూలు డ్రిల్లు సారును బతిమాలి ఇనుప గుండు తెచ్చాను. కుర్చీలో కూర్చోబెట్టి విసరమంటే కుర్చీ వెనక్కి పడింది. పక్కన రెండు గడ్డపారలు నేలలో దించి కుర్చీని వాటికి కట్టేశాం. అప్పుడు కూడా గుండు ముందుకు పోకుండా కాళ్ల దగ్గరే పడేది. ఒకరోజు ఆమె ఎడమ చేత్తో గడ్డపార పట్టుకుని, దాన్ని తనవైపు గట్టిగా గుంజుతూ కుడిచేత్తో గుండు వదిలింది. నేను పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. ఆ కిటుకు నేను నేర్పింది కాదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు.

జనం ఎందుకు వస్తారు

మా కార్యదర్శి గారిది లింగాల ఘనపూర్ వైపు భూములున్న కుటుంబం. సమితి ఎన్నికల్లో ఓడిపోయాక ఆయన సేవలోకి దిగారు. ఏటా వికలాంగుల ఆటల పండుగ జరిపేవారు. అందులో ఆయనకు బాగా ఇష్టమైన పోటీ కుర్చీలాట. పాట ఆగగానే చంక కర్రల పిల్లలు ఒకరినొకరు నెట్టుకుంటూ కుర్చీల కోసం పరిగెత్తాలి.

"సార్, పిల్లలు పడతరు" అన్నాను.

"పడితె ఏమైతదమ్మా? జర నవ్వొస్తది. నవ్వు రాకుంటె గంటసేపు ఎవలు కూసుంటరు?"

దీన్ని ప్రజల ఆదరణ అంటారు. ఏడేళ్లు దాన్ని దగ్గరగా చూశాను. అందులో రెండే రకాలు. కొందరు నవ్వడానికి వస్తారు, కొందరు అయ్యో అనడానికి వస్తారు. నవ్వేవాళ్లను మనం తిడతాం, అయ్యో అనేవాళ్లకు కుర్చీలు వేస్తాం. నాకు ఇద్దరూ ఒకటే. పోటీలో ఎవరు గెలిచారో ఇద్దరికీ అక్కర్లేదు. గుండు ఎంత దూరం పోయిందని అడిగిన పెద్దమనిషిని ఒక్కణ్నీ చూడలేదు. ఆడిన పిల్లలందరికీ తలా ఒక స్టీలు గ్లాసు ఇచ్చి, 'పాల్గొన్నవాళ్లందరూ విజేతలే' అని మైకులో చెప్పేవారు. ఆ మాట ఎంత అవమానమో మా పిల్లలకు తెలుసు. అందరూ గెలిచారంటే ఎవరి ఆటా చూడలేదని అర్థం. పత్రికలో మా వార్త 'పంపిణీ' అనే మాట లేకుండా ఎప్పుడూ రాలేదు. గ్లాసుల పంపిణీ, దుప్పట్ల పంపిణీ. ఏం పంచారన్నది తప్ప ఏం ఆడారన్నది ఉండదు.

ఓదెలు షరతు

ఒకసారి దసరా సెలవుల తర్వాత కొమురమ్మను దింపడానికి వాళ్ల నాయిన ఓదెలు వచ్చాడు. దింపడానికి కాదు, బట్టల మూట తీసుకుపోవడానికి వచ్చానన్నాడు.

"బీడీల పని దొరికింది టీచరమ్మా. ఎట్లైన కూసుండే పిల్లనే గద. కూసుండి చేసే పని జేస్తది. గిక్కడ కూసుండి ఏం జేస్తది?"

"చదువుకుంటది" అన్నాను. "గుండు ఇసుర్తది."

"గుండు ఇసిరితె కూడొస్తదా?"

అప్పటికే మానుకోటలో పోటీలున్నాయని, టీవీ వాళ్లు వస్తున్నారని హాస్టలంతా చెప్పుకుంటున్నారు. కొమురమ్మ ఆ మాట పట్టుకుంది.

"నాయినా, నేను టీవీల వస్త."

ఓదెలు ఆమె వైపు చూశాడు. రేగొండ పంచాయతీ ఆఫీసులో కొత్తగా టీవీ పెట్టారు. అందులో కనిపించిన మనిషి ఆ ఊళ్లో అప్పటిదాకా ఎవరూ లేరు.

"నువ్వు గెల్సినట్టు ఊరోళ్లు చూడాలె. చూస్తె పదోది దాక ఉంచుత. లేకుంటె బీడీలకు తోల్కపోత."

"మాట తప్పవు గద?"

"నేనెప్పుడు తప్పిననే?"

షరతు అది. పదో తరగతి ఆ ఒక్క పోటీ మీద నిలబడింది.

మూడు గంటల బండి

మానుకోట అంటే మహబూబాబాదే. పోటీలు అక్కడ ఎందుకంటే ముఖ్య అతిథిది ఆ ఊరు. పిల్లలందరూ ఉండేది జనగామలో, అతిథి ఒక్కరిది మానుకోట. కదలగలిగినవాడి దగ్గరికి కదల్లేని పిల్లలను ప్యాసింజర్ బండిలో తీసుకుపోయాం. కుర్చీ, గడ్డపారలు కూడా ఎక్కించాం.

"ఏంది బిడ్డా, బాయి తవ్వబోతున్నరా?" అని ఎదురుగా కూర్చున్న ముసలాయన అడిగాడు.

"కాదు తాతా, కుర్చీ నాటబోతున్నం" అంది కొమురమ్మ.

వరంగల్ నుంచి కెమెరా ఆయన వచ్చాడు. ఆయన టీవీ ఉద్యోగి కాదు. రీలు తీసి పంపితే, వాళ్లు వేసుకుంటే, కూలి వస్తుంది. కీ ఇచ్చి నడిపే కెమెరా, మాటలు పడవు, బొమ్మ మాత్రమే. వస్తూనే గడియారం చూశాడు.

"మూడు గంటల బండికి రీలు ఎక్కియ్యాలె. గప్పుడైతెనే వార్తలల్ల పడ్తది. ముందుగాల ప్రైజులు ఇయ్యుండ్రి."

"పోటీ కాకముందె ప్రైజా?" అన్నాను.

"పోటీ కోసం బండి ఆగుతదా టీచరమ్మా?"

ఇది ఆయన ఒక్కడి తెలివి కాదు. జిల్లాల్లో పని అలాగే నడిచేదట. శంకుస్థాపనకు ముందే ప్రారంభోత్సవం తీసినవాళ్లున్నారని ఆయనే గొప్పగా చెప్పాడు. కార్యదర్శి గారికి అందులో తప్పేమీ కనిపించలేదు. కప్పు ఎవరికివ్వాలన్నదే ఆయన దిగులు. కెమెరా ఆయన సంతలో మేకలను చూసినట్టు పిల్లలను చూసుకుంటూ నడిచాడు. కొమురమ్మ లంగా పాదాల దాకా పరుచుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"గీ పిల్ల వద్దు. కూసుంటె మంచిగున్న పిల్ల లెక్కనే కనబడ్తున్నది. చూసెటోనికి ఏం సమజైతది?"

"గుండు ఇసిరితె సమజైతది" అంది కొమురమ్మ.

ఆయన నవ్వాడు. "ఎవలన్న దోగాడుకుంట అచ్చి కప్పు తీసుకోవాలె. గప్పుడు గుండె కరుగుతది."

చిన్నపిల్లలు తలలు దించుకున్నారు. కార్యదర్శి గారు నా వైపు చూశారు, నేనే ఎవరినో ఒకరిని దింపుతానన్నట్టు. ఈలోపు కొమురమ్మే మాట్లాడింది.

"నేను దోగాడుత. గని ముందుగాల నేను గుండు ఇసుర్త. గది మీరు తియ్యాలె."

"వద్దే" అన్నాను.

"నువ్వు ఊకో టీచరమ్మా. మా ఊరోళ్లు చూడాలె."

కుర్చీ నాటాం. కెమెరా ఆయన కన్ను ఆనించి ఒంగి నిలబడ్డాడు. ఆమె గడ్డపార గుంజింది. గుండు సున్నపు గీతలన్నీ దాటి, షామియానా తాడు కట్టిన గూటం పక్కన పడింది. నేను చూసిన ఆమె విసుర్లలో అదే పెద్దది. చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. ముఖ్య అతిథి కారు అప్పుడే గేట్లోకి వచ్చింది, జనమంతా అటు తిరిగారు.

ఆ తర్వాత ఆమె కుర్చీ దిగి, గరుకు నేల మీద చేతులతో వేదిక దాకా పోయింది. అప్పుడు జనం అయ్యో అన్నారు, చప్పట్లు కొట్టారు, ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. అతిథి ఒంగి కప్పు ఇచ్చాడు, కెమెరా వైపు చూస్తూనే ఒంగాడు.

రీలు సంచిలో వేసుకుంటున్న ఆయన దగ్గరికి పోయి అడిగాను. "అన్నా, గుండు ఇసురుడు మంచిగ పడ్డదా?"

"కెమెరా చప్పుడు ఇన్నవా నువ్వు?"

వినలేదు. దోగాడుతున్నప్పుడు ఆ గరగర దూరానికి కూడా వినపడింది. గుండు విసిరినప్పుడు ఏ చప్పుడూ లేదు.

"కీ ఇయ్యలే టీచరమ్మా. కారు దిగుడుకు, దండకు, దోగాడుడుకే రీలు అంతంత మాత్రం. ఎవలన్న బతిమాలితె గట్లనే ఉత్తగ పట్టి చూపిస్తం. అందరు జేస్తరు గిట్ల. నారాజు గావద్దు" అని స్కూటరెక్కి స్టేషనుకు పోయాడు.

కొమురమ్మకు వెంటనే చెప్పాను. ఆమె అరచేతులకు అంటిన మట్టి దులుపుకుంది.

"మరి దోగాడింది?"

"గది పడ్డది."

అతిథి పోయాడు, ఆయన వెనక జనం పోయారు. అప్పుడు అసలు పోటీలు పెట్టాం. చూసింది నేను, వంటామె, షామియానా విప్పడానికి వచ్చిన కూలీలు. కొమురమ్మ గెలిచింది. కప్పు మాత్రం లేదు. ఏదో బడి అద్దాల బీరువాలోంచి అరువు తెచ్చిన కప్పు, ఫొటో అయ్యాక వాపసు పంపించేశారు. స్టీలు గ్లాసు ఇచ్చారు.

రేగొండలో

వార్తలు వచ్చిన తర్వాత ఓదెలు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

"ఊరంత చూసింది టీచరమ్మా. బొమ్మల చుక్కలే చుక్కలు. ముఖం తెల్వలే. దోగాడుడు చూసి, గది ఓదెలు బిడ్డనే అన్నరు."

"నేను గెల్సిన నాయినా" అంది కొమురమ్మ.

"గెల్సినవేమో బిడ్డా. నేను నమ్ముత. ఊరోళ్లు చూసింది గది కాదు గద. నడువు, మూట గట్టు."

ఆమె మూట కట్టలేదు. "ఊరోళ్లు చూడాల్నన్నవ్. టీవీల్నె చూడాల్నని అనలేవు. నేనే అచ్చి చూపిస్త."

"సరే, చూపియ్యి" అన్నాడు ఓదెలు. మాట తప్పని మనిషితో ఉన్న సుఖం అది. కుర్చీ హాస్టల్ ఆస్తి, ఊరు దాటకూడదని కార్యదర్శి గారు అన్నారు. మా ఇంటి ఇనుప కుర్చీ, గుండు, గడ్డపారలు తీసుకుని ఇద్దరితో కలిసి బస్సెక్కాను.

టీవీలో తెలుగు సినిమా వేసే సాయంత్రానికి రేగొండ చేరాం. పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. సినిమాకు ఇంకా సమయం ఉంది. మేం గడ్డపారలు దించుతుంటే చుట్టూ మూగారు. అందరికంటే ముందు సైకిల్ షాపు సమ్మయ్య.

"ఏందే కొమురీ, టీవీల దోగాడింది సాల్లేదా?"

"జరుగు సమ్మన్నా, మీద పడ్తది."

"గీడిదాక వస్తదా? వస్తె జన్మంత నీ సైకిల్‌కు పంచర్ ఉత్తగ ఏస్త."

"నాకు సైకిల్ ఎందుకన్నా?"

జనం నవ్వారు. ఏడేళ్లలో మా పిల్లను చూసి కాకుండా, మా పిల్లతో కలిసి జనం నవ్వడం నేను విన్నది అప్పుడే. సమ్మయ్య కదల్లేదు. ఆమె గడ్డపార గుంజింది. గుండు గాలిలో ఉండగానే సమ్మయ్య అరుగు మీదికి ఎగిరాడు. అతను నిలబడిన చోటు దాటి అది నేలలో దిగబడింది.

"గిదేదో మంత్రం" అని అతనొచ్చి, ఆమెను దిగమని తాను కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు కదపకూడదని కొమురమ్మ షరతు పెట్టింది. అతని కండువాతోనే అతని కాళ్లు కుర్చీకి కట్టింది. సమ్మయ్య పళ్లు బిగించి విసిరాడు. గుండు అతని కాళ్ల ముందు పడి, నాలుగు దొర్లుళ్లు దొర్లి ఆగింది.

"ఎట్ల ఇసిరినవే?" అన్నాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకోవాలనే.

"గుండును నూకుడు కాదన్నా. గడ్డపారను గుంజాలె."

ముఖ్య అతిథులెవరూ ఆ ప్రశ్న అడగలేదు. కెమెరా ఆయన అడగలేదు. పత్రికలవాళ్లు అడగలేదు. అమ్మాయీ, నీ ఉద్యోగంలో ఆ ప్రశ్న అడిగే మనిషి ఎప్పుడో ఒకసారి ఎదురవుతాడు. అతను వేదిక మీద మాత్రం ఉండడు. కాబట్టి వేదిక వైపు తిరిగి కూర్చుని ఎదురుచూడకు.

జనమంతా మారిపోయారని కూడా అనుకోకు. నేనూ కాసేపు అనుకున్నాను. లోపల టీవీలో పాట మొదలైంది. "సురువైంది" అని ఎవరో అరిచారు. అంతే, పిల్లలు, ఆడవాళ్లు, మగవాళ్లు, అప్పటిదాకా కుర్చీ చుట్టూ తిరిగిన సమ్మయ్య, అందరూ ఒకర్నొకరు తోసుకుంటూ లోపలికి పోయారు. వాకిట్లో మేం ముగ్గురమే మిగిలాం.

ఓదెలు పోయి నేలలో దిగబడిన గుండును రెండు చేతులతో పెకలించాడు. దాని మట్టి తువ్వాలతో తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"పొద్దుగాల్ల జనగామ పొయ్యే బస్సు నిండొస్తది టీచరమ్మా. నేను ముందుగాల్నె పోయి మీ ఇద్దరికి జాగల రుమాలు ఏసి పెడ్త."

తర్వాత గుండు తెచ్చి, మళ్లీ కుర్చీ ఎక్కిన బిడ్డ ఒళ్లో పెట్టాడు.

"మల్లొక్కపారి ఇసురు. ఇందాక సమ్మడు అడ్డముండె, నాకు మంచిగ కనబడలే."

కొమురమ్మ గడ్డపార అందుకుంది.

"జర ఎనుకకు జరుగు నాయినా" అంది. "ఇంకా ఎనుకకు."